రెండేళ్ల తర్వాత ఒకేసారి అప్‌డేట్: మా గ్రంథాలయం కేటలాగు మళ్లీ లేచిన తీరు

మా ఊరి గ్రంథాలయంలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. దాని మీద ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, పైథాన్‌లో రాసిన చిన్న కేటలాగు ప్రోగ్రాము నడుస్తుంటాయి. ఆ మూడింటినీ పెట్టింది నేను. కానీ అందులో ఉన్న ఆరేడు వేల పుస్తకాల వివరాలు ఎక్కించింది మా తెలుగు మాస్టారు. రిటైరయ్యాక సాయంత్రాలు అక్కడే గడుపుతూ, ఒక్కో పుస్తకం అట్ట తిప్పి, ముద్రణ సంవత్సరం, ప్రచురణ కర్త, దాత పేరు చూసి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కొట్టారు. అట్ట చిరిగిపోయి పేరే లేని పుస్తకాలకు లోపలి పేజీలు చదివి అదేమిటో కనిపెట్టి రాశారు. ఆ పని మళ్లీ చేయమని ఎవరినీ అడగలేం. అందుకే కేటలాగు తెరుచుకోవట్లేదని కబురొచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కంప్యూటర్ కాదు, ఆయన చేసిన ఆ కష్టం.

జరిగింది ఇదీ. 2023 ఆగస్టు తర్వాత గ్రంథాలయంలో నెట్ కనెక్షన్ తీసేశారు. కేటలాగుకు నెట్ అక్కర్లేదు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. 2025 ఆగస్టులో ఎవరో దాత ఫైబర్ కనెక్షన్ పెట్టించారు. బ్రౌజరు మరీ పాతదై కొన్ని సైట్లు తెరుచుకోకపోవడంతో, అక్కడ సాయంగా ఉండే ఇంటర్ కుర్రాడు సిస్టమ్ మొత్తం అప్‌డేట్ చేశాడు. బ్రౌజరు బాగుపడింది. కేటలాగు ఆగిపోయింది.

ఆర్చ్ గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఉబుంటు, డెబియన్ లాంటి ఇతర లినక్స్ రకాలకు వెర్షన్ నంబర్లుంటాయి. ఒక వెర్షన్‌లో ఉన్నంతకాలం లోపలి సాఫ్ట్‌వేర్ పెద్దగా కదలదు. ఆర్చ్‌కు అలాంటి మెట్లు లేవు. ఏ ప్రోగ్రాము కొత్తది వస్తే అది అప్పటికప్పుడు వచ్చేస్తుంది. వారానికోసారి అప్‌డేట్ చేసేవాళ్లకు మార్పులు ఒకటొకటిగా ఎదురవుతాయి. రెండేళ్లు ఆగితే ఆ మార్పులన్నీ ఒక్కరోజే మీద పడతాయి. ఒకదాని వల్ల ఇంకోటి విరిగిందా, దేనికది విడిగా విరిగిందా అన్నది తేల్చుకోవడమే సగం పని.

నేను వెళ్లేసరికి కుర్రాడు బెదిరిపోయి ఉన్నాడు. అయినా ఒక మంచి పని చేశాడు: తెర మీద కనిపించిన ప్రతి ఎర్రర్‌నూ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాడు. వాటిని, ఆర్చ్‌లో సాఫ్ట్‌వేర్ వేసే, మార్చే ప్యాక్‌మ్యాన్ అనే ప్రోగ్రాము రాసిన లాగ్ ఫైలును పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆర్చ్‌లో ఏ ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్ మూట) ఏ నిమిషంలో ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో, ఏ కాన్ఫిగ్ ఫైలు కొత్త ప్రతి పక్కన పడిందో ఆ లాగ్‌లో వరసగా రాసి ఉంటుంది. విరిగిన మెషీన్ ముందు కూర్చున్నప్పుడు కమాండ్లు కొట్టడానికి ముందు చదవాల్సింది అదే.

ఆ ఫొటోల్లో ఒకటి సంతకాల గొడవ. ఆర్చ్‌లో ప్రతి ప్యాకేజీ మీదా దాన్ని తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవరి సంతకాలను నమ్మాలో చెప్పే తాళంచెవుల జాబితా ‘ఆర్చ్‌లినక్స్-కీరింగ్’ అనే ప్యాకేజీలో వస్తుంది. రెండేళ్ల నాటి జాబితాకు ఈ మధ్య చేరినవాళ్లు తెలియదు, పాతవాళ్లు గడువు పొడిగించుకున్న సంగతీ తెలియదు. అందుకే దిగిన ప్యాకేజీ సుబ్బరంగా ఉన్నా ‘పాడైపోయింది’ అని తిప్పికొడుతుంది. ఈ ఎర్రర్ చూసి సంతకాల తనిఖీనే ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు కీరింగ్ ప్యాకేజీ ఒక్కటి కొత్తది తెచ్చుకుని, వెంటనే, మధ్యలో ఇంకేమీ పెట్టకుండా, పూర్తి అప్‌డేట్ చేయడమే దారి. మా కుర్రాడు అలాగే చేశాడు.

రెండోది చిన్నది. ఆర్చ్‌లో ఒకప్పుడు ‘కమ్యూనిటీ’ అని విడిగా ఒక ప్యాకేజీల భాండారం ఉండేది. 2023 మేలో దాన్ని ‘ఎక్స్‌ట్రా’లో కలిపేశారు. పాత కాన్ఫిగ్ ఫైళ్లు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేకుండా ఖాళీ భాండారాన్ని కొంతకాలం అలాగే ఉంచి, 2025 మార్చిలో పూర్తిగా తీసేశారు. మా ఫైలులో ఆ పేరు ఇంకా ఉండడంతో జాబితాలు తెచ్చుకోవడం దగ్గరే ప్యాక్‌మ్యాన్ ఆగిపోయింది. రెండు లైన్లు తీసేస్తే సరిపోయింది.

మూడోది మాత్రం నిజంగా ఇరుకున పెట్టేదే. హార్డ్‌వేర్ భాగాలు పనిచేయడానికి కావాల్సిన ఫైళ్లుండే లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని 2025 జూన్‌లో కంపెనీలవారీగా ముక్కలు చేశారు. ఆ క్రమంలో ఎన్‌విడియా ఫోల్డర్ల అమరిక మారింది. పాత మెషీన్ మీద అప్‌డేట్ కొడితే ‘ఈ ఫైలు ఇప్పటికే ఉంది’ అంటూ మొత్తం అప్‌డేట్‌నే ఆపేస్తుంది. చాలామందికి ఇక్కడ చేయి జారి, ఏ ఫైలునైనా సరే తొక్కేసి రాసెయ్యమనే ఓవర్‌రైట్ ఆప్షన్‌ను మొత్తం సిస్టమ్‌కు ఇచ్చేస్తారు. దానితో ఏ ఫైలు ఏ ప్యాకేజీదో లెక్క తప్పిపోతుంది. ఆర్చ్ వాళ్లు జూన్ 21న ఇచ్చిన ప్రకటనలో సరైన దారి ఉంది: ఆధారాల తనిఖీ లేకుండా పాత ఫర్మ్‌వేర్ ప్యాకేజీని తీసేసి, వెంటనే దాన్నీ కలిపి పూర్తి అప్‌డేట్ చేయాలి. ఆ రెంటి మధ్య మెషీన్ ఆపకూడదు. కుర్రాడు ఆ ప్రకటన వెతికి పట్టుకుని, తు.చ. తప్పకుండా చేశాడు. లాగ్‌లో ఆ వరస చూసి, “ఇంతవరకూ నువ్వు చేసిందంతా సరిగ్గానే ఉంది తమ్ముడూ” అన్నాను. ముఖం కాస్త తేటపడింది.

“మరి కేటలాగు ఎందుకు పోయిందన్నా?” అన్నాడు.

పోస్ట్‌గ్రెస్ సర్వీసు లేవడం లేదు. సర్వీసుల సంగతులు నమోదయ్యే సిస్టమ్‌డీ జర్నల్‌లో ఒక్క వాక్యం ఉంది: డేటాబేసు ఫార్మాట్ పాత వెర్షన్‌ది. డేటా ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడుండే వెర్షన్ ఫైలు తెరిచాను. అందులో ఉండేది ఒకే ఒక్క సంఖ్య. 15. మెషీన్ మీద ఇప్పుడున్న పోస్ట్‌గ్రెస్ 17.

దీనికి అర్థం డేటా చెడిపోయిందని కాదు. పోస్ట్‌గ్రెస్ ఏటా ఒక పెద్ద వెర్షన్ విడుదల చేస్తుంది. 15.3 నుంచి 15.4కు వెళ్తే డిస్కు మీద డేటా అమరిక మారదు. 15 నుంచి 16కు వెళ్తే మారుతుంది. కొత్త సర్వర్ పాత ఫోల్డర్‌ను గుర్తుపట్టి, దాన్ని ముట్టుకోకుండా ఆగిపోతుంది. అలా ఆగిపోవడమే మన డేటాను కాపాడింది. ఫోల్డర్‌లో మాస్టారు కొట్టిన ప్రతి అక్షరం అలాగే ఉంది. దాన్ని చదవగలిగే ప్రోగ్రాము మాత్రం మెషీన్ మీద లేదు.

ఈ తేడా తెలియక జరిగే అనర్థం ఒకటుంది. కుర్రాడి ఫొటోల్లో చివరిది ఎవరో ఇచ్చిన సలహా: ‘డేటా ఫోల్డర్ తీసేసి, ఇనిట్‌డీబీ కొట్టు, సర్వీసు లేస్తుంది’ అని. అది అబద్ధం కాదు. సర్వీసు లేస్తుంది, ఖాళీ డేటాబేసుతో. కుర్రాడు అది మాస్టారికి చదివి వినిపిస్తే ఆయన, “తీసెయ్యడం అన్న మాట ఉంటే చెయ్యొద్దు. అబ్బాయిని రానీ” అన్నారట. కంప్యూటర్ చదువు లేని మనిషి ఇచ్చిన ఆ తీర్పు కన్నా గొప్ప సాంకేతిక సలహా ఈ వ్యవహారం మొత్తంలో నాకు కనిపించలేదు.

నేను మొదట చేసింది ఆ ఫోల్డర్‌ను, యాజమాన్యం, అనుమతులు సహా, బయటి హార్డ్‌డిస్కు మీదికి కాపీ చేయడం. తర్వాత ఇంకో కాపీ అదే మెషీన్ మీద వేరే చోట. ఇక చేసే పనంతా ఆ రెండో కాపీ మీదే. అసలు ఫోల్డర్ జోలికి వెళ్లేది లేదు.

మామూలుగా అయితే ఆర్చ్‌లో దీనికి సులువైన మార్గం ఉంది. ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-ఓల్డ్-అప్‌గ్రేడ్’ అనే ప్యాకేజీ వేసుకుంటే పాత వెర్షన్ ప్రోగ్రాములు ఆప్ట్ ఫోల్డర్‌లోకి వస్తాయి. పీజీ-అప్‌గ్రేడ్ అనే పనిముట్టుకు పాతవి ఇక్కడ, కొత్తవి అక్కడ అని చూపిస్తే నిమిషాల్లో పని అయిపోతుంది. వేసి చూశాను. ఆప్ట్‌లోకి వచ్చింది 16. మాకు కావాల్సింది 15. ఆ ప్యాకేజీ ఎప్పుడూ ఒక్క మెట్టు వెనకదే ఇస్తుంది. ఏడాదిలోపు అప్‌డేట్ చేసేవాళ్లకు అది చాలు. మధ్యలో ఒక మెట్టు మొత్తం దాటిపోయిన మెషీన్‌కు అది పనికిరాదు. ఆలస్యానికి అసలు ఖరీదు ఇక్కడ పడింది: అప్‌డేట్ ఆలస్యం కావడం వల్ల కాదు, తిరిగి వెళ్లే వంతెన ఈలోగా తీసేయడం వల్ల.

ఆర్చ్ పాత ప్యాకేజీలన్నీ తేదీలవారీగా ఒక ఆర్కైవ్‌లో ఉంటాయి. 2023 ఆగస్టు నాటి పోస్ట్‌గ్రెస్ 15ను అక్కడి నుంచి దించి, సిస్టమ్‌లో కలపకుండా, పక్క ఫోల్డర్‌లో విప్పి నడిపిద్దామనుకున్నాను. నడవలేదు. ఐసీయూ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) పాత వెర్షన్ కావాలంది. అది కూడా ఆర్కైవ్ నుంచి తెచ్చి పక్కన పెడితే ఇంకో లైబ్రరీ. ఓపిగ్గా పోతే ఎక్కడో ఒకచోట తేలేదే. కానీ మాస్టారి డేటాను ఇలా అతుకుల మీద నిలబెట్టిన సర్వర్‌కు అప్పగించడానికి మనసొప్పలేదు. ఆ దారి వదిలేశాను.

మిగిలిన మార్గం కంటెయినర్, అంటే ఒక ప్రోగ్రామును మిగతా సిస్టమ్‌తో కలపకుండా విడిగా నడిపే పెట్టె లాంటిది. పోస్ట్‌గ్రెస్ 15, దానికి కావాల్సిన లైబ్రరీలతో సహా, కంటెయినర్లు నడిపే డాకర్ అనే ప్రోగ్రాము కోసం సిద్ధం చేసిన ఇమేజ్‌గా దొరుకుతుంది. డాకర్ వేశాను. అదీ మొదట లేవలేదు. కారణం వెతికితే, అప్‌డేట్‌లో సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మారింది, మెషీన్ మాత్రం రీబూట్ కాలేదు. నడుస్తున్నది పాత కెర్నల్. అది అవసరమైనప్పుడు కలుపుకునే ముక్కలు, అంటే మాడ్యూళ్లు, ఉండే ఫోల్డర్ డిస్కు మీద నుంచి ఎగిరిపోయింది. నెట్‌వర్క్ కోసం డాకర్ ఏదో మాడ్యూల్ అడిగితే ఇచ్చే దిక్కు లేదు. రీబూట్ చేశాక లేచింది. పెద్ద అప్‌డేట్ తర్వాత యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెడితే కనిపించకపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం.

కంటెయినర్‌కు డేటా కాపీ చూపించి నడిపాను. ఇక్కడొక జాగ్రత్త. ఆర్చ్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్ నంబరు 88, డాకర్ ఇమేజ్‌లో 999. కంటెయినర్ లేస్తూనే ఫోల్డర్ యాజమాన్యాన్ని తన నంబరుకు మార్చుకుంటుంది. అసలు ఫోల్డర్‌నే ఇచ్చి ఉంటే దాని మీద కూడా ఆ చేయి పడేది. కాపీ మీద పని చేయాలనేది ఇందుకే.

లాగ్‌లో మొదట వచ్చిన వాక్యం చూసి ఊపిరి పీల్చుకున్నాను: డేటాబేసు ఫలానా సమయానికి సక్రమంగా ఆపబడింది అని. అంటే పాత సర్వర్ మధ్యలో తెగిపోకుండా, రాయాల్సినవన్నీ రాసి మూతపడింది. ఆ వెంటనే ఇంకో ఎర్రర్. డేటాబేసు తెలుగు లొకేల్‌తో (ఆ భాషకు తగ్గ అక్షరక్రమం వంటి అమరికలతో) తయారైంది, ఆ లొకేల్ ఈ సిస్టమ్‌కు తెలియదు, కనెక్షన్ ఇవ్వను.

ఇది నేను ఏరికోరి పెట్టిన అమరికే. అక్షరక్రమం కోసం. లొకేల్ లేకుండా సాదా యూనికోడ్ సంఖ్యల వరసలో పేర్చినా తెలుగు చాలావరకు సరిగ్గానే వస్తుంది. ఇబ్బందంతా కంటికి కనిపించని అక్షరాలతో. ‘షేక్‌స్పియర్’ అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో ఒక కనపడని గుర్తు వేస్తాం. మాస్టారు వేసేవారు. వేరేవాళ్లు వేయకుండా ‘షేక్స్పియర్’ అని కొట్టేవారు. సాదా వరసలో ఆ గుర్తుకు తెలుగు అక్షరాలన్నిటికన్నా పెద్ద సంఖ్య ఉంటుంది కాబట్టి ఆ రెండు పేర్లు విడిపోతాయి. భాష తెలిసిన లొకేల్ ఆ గుర్తును పక్కనపెట్టి రెంటినీ పక్కపక్కనే కూర్చోబెడుతుంది. అచ్చువేసిన జాబితాలో పుస్తకం వెతుక్కునే పాఠకుడికి ఇది చిన్న విషయం కాదు.

డాకర్ ఇమేజ్ డెబియన్ మీద కట్టింది. అందులో సిద్ధంగా ఉండేది అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్ ఒక్కటే. తెలుగు లొకేల్‌కు ముడిసరుకు మాత్రం లోపలే ఉంటుంది. ఆ ఇమేజ్ మీద ఒక్క లైను అదనంగా, లొకేల్‌డెఫ్ కమాండుతో తెలుగు లొకేల్ తయారుచేయించి, మన సొంత ఇమేజ్ కట్టుకున్నాను. ఈసారి సర్వర్ కనెక్షన్ ఇచ్చింది, ఒక హెచ్చరికతో పాటు: అక్షరక్రమం వెర్షన్ కలవడం లేదు.

ఈ హెచ్చరికను చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఏ పదం ముందు, ఏది తర్వాత అన్నది పోస్ట్‌గ్రెస్ సొంతంగా నిర్ణయించదు. లొకేల్ వాడితే సిస్టమ్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. ఆ సమాధానం ప్రకారం ఇండెక్సులు (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచికలు) కట్టుకుని డిస్కు మీద పెట్టుకుంటుంది. రేపు గ్లిబ్‌సీ మారి, దాని క్రమం కొంచెం అటూఇటూ అయితే, పాత క్రమంలో కట్టిన ఇండెక్సులో కొత్త క్రమంతో వెతుకుతుంది. పుస్తకం బీరువాలో ఉన్నా ‘లేదు’ అని జవాబొస్తుంది. ఒకే పేరు రెండుసార్లు ఎక్కకూడదన్న నిబంధన ఉన్నా రెండోది ఎక్కిపోతుంది. ఏ ఎర్రరూ రాదు, ఏదీ ఆగదు. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28 క్రమాన్ని చాలా భాషల్లో పెద్ద ఎత్తున మార్చింది, ప్రపంచమంతా ఎన్నో డేటాబేసులు ఇలా నిశ్శబ్దంగా దెబ్బతిన్నాయి. ఆ అనుభవం తర్వాతే పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 15 నుంచి ప్రతి డేటాబేసుకూ అక్షరక్రమం వెర్షన్ రాసిపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరిస్తోంది. కేటలాగు ఆగిపోవడం కన్నా, నడుస్తూ తప్పు జవాబు ఇవ్వడం నాకు ఎక్కువ భయం.

అందుకే ఫోల్డర్‌ను నేరుగా కొత్త వెర్షన్‌కు మార్చే పద్ధతి కన్నా, మొత్తం డేటాను మామూలు టెక్స్ట్‌గా బయటికి తీసి, కొత్త సర్వర్‌లో మళ్లీ పోయడమే మేలనిపించింది. అలా తీసేటప్పుడు టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా చదువుకుంటూ పోతుంది, ఇండెక్సుల మీద ఆధారపడదు. పోసేటప్పుడు ఇండెక్సులన్నీ కొత్త గ్లిబ్‌సీ క్రమంలో తాజాగా కడుతుంది. పాత క్రమం మిగిలే చోటే లేదు. నేరుగా మార్చేవాళ్లు మాత్రం ఆ తర్వాత డేటాబేసు మొత్తాన్ని రీఇండెక్స్ చేసి, అప్పుడు మాత్రమే అక్షరక్రమం వెర్షన్‌ను సరిచేసుకోవాలి. ముందే సరిచేస్తే హెచ్చరిక పోతుంది, జబ్బు మిగులుతుంది.

బయటికి తీయడానికి పీజీ-డంప్-ఆల్ వాడాను, అదీ కొత్త వెర్షన్ 17ది. పాత సర్వర్‌తో కొత్త డంప్ పనిముట్టు మాట్లాడగలదు, తిరగేస్తే కుదరదు. ఎక్కించబోయే వెర్షన్‌ది వాడడమే పోస్ట్‌గ్రెస్ వాళ్లు చెప్పే పద్ధతి కూడా. కంటెయినర్‌లోని సర్వర్‌కు నెట్‌వర్క్ ద్వారా వెళ్లబోతే మా పాత అనుమతుల ఫైలు ఒప్పుకోలేదు, అందులో ఆ మెషీన్‌కు మాత్రమే ప్రవేశం ఉంది. ఆ ఫైలు మార్చకుండా, సర్వర్ సాకెట్ (నెట్‌వర్క్ లేకుండా సర్వర్‌తో మాట్లాడే ద్వారం) ఉండే ఫోల్డర్‌ను బయటి మెషీన్‌తో పంచుకునేలా కంటెయినర్‌ను మళ్లీ నడిపితే దారి దొరికింది.

డంప్ ఫైలు తెరిచి చూశాను. తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో, వరసగా పుస్తకాలు. మాస్టారిని పిలిచి చూపించాను. కళ్లజోడు సరిచేసుకుని తెర మీదికి వంగి, కిందికి జరపమంటూ కాసేపు చదివారు. “ఈ పంచాంగాల బైండింగుకు సంవత్సరం పక్కన ప్రశ్న గుర్తు వేశాను, అది కూడా ఉందోయ్” అన్నారు.

మెషీన్ మీద తెలుగు లొకేల్ ఉందో లేదో చూసుకుని, 17కు కొత్త డేటా ఫోల్డర్ అదే లొకేల్‌తో తయారుచేసి డంప్ పోశాను. ఎర్రర్ వచ్చిన చోటే ఆగిపోవాలన్న ఆప్షన్ పెట్టాను, లేకపోతే ఒక ఎర్రర్ తర్వాత ఇంకోటి పైకి జరిగిపోతుంటే ఏది పడిందో, ఏది పడలేదో తెలియదు. ‘పోస్ట్‌గ్రెస్ అనే యూజర్ ఇప్పటికే ఉన్నాడు’ అన్న దగ్గర అది ఆగింది. కొత్త సర్వర్‌లో ఆ యూజర్ పుట్టుకతోనే ఉంటాడు. డంప్‌లో ఆ లైను తీసేసి మళ్లీ మొదలుపెడితే చివరిదాకా వెళ్లింది.

అయిందనిపించుకోవడానికి అది చాలదు. పాత సర్వర్ నుంచి, కొత్త సర్వర్ నుంచి, ప్రతి టేబుల్‌నూ వరస సంఖ్య క్రమంలో టెక్స్ట్‌గా తీసి రెండు ఫైళ్లనూ తేడాలు చూపించే డిఫ్ కమాండుకు ఇచ్చాను. డిఫ్ ఏమీ చెప్పకపోతే రెండూ ఒకటేనని అర్థం. ఏమీ చెప్పలేదు. ఆ తర్వాతే కంటెయినర్‌ను ఆపాను. కొత్త సర్వర్‌కు డేటా తీరుతెన్నుల గణాంకాలు ఇంకా లేవు కాబట్టి వ్యాక్యూమ్-డీబీతో విశ్లేషణ నడిపించాను. అది చేయకపోతే వెతుకులాట నత్తనడకన సాగుతుంది.

డేటా వచ్చింది. ప్రోగ్రాము ఇంకా లేవలేదు. అది ఆధారపడే ఫ్లాస్క్ అనే పైథాన్ మాడ్యూల్ లేదంది. ఇది పైథాన్ సంగతి. మా ప్రోగ్రాము సొంత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే తనకు కావాల్సిన లైబ్రరీలు విడిగా పెట్టుకునే ఫోల్డర్‌లో, ఉంటుంది. అదేదో పూర్తిగా విడి ప్రపంచమని అనుకుంటాం గానీ, లోపలున్న పైథాన్ నిజానికి సిస్టమ్ పైథాన్‌కు ఒక లింకు మాత్రమే. లైబ్రరీలు ఉన్నది 3.11 పేరుతో ఉన్న ఫోల్డర్‌లో. సిస్టమ్ పైథాన్ 3.13 అయ్యాక అది 3.13 ఫోల్డర్‌లో వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. పాత ఫోల్డర్ పేరు మార్చి సరిపెట్టాలని చూడకండి, అందులో సీ భాషలో కట్టిన లైబ్రరీలు కొత్త పైథాన్‌తో కలవవు. ఎన్విరాన్‌మెంట్ కొత్తగా తయారుచేసి, జాబితాలోని లైబ్రరీలు మళ్లీ వేసుకోవడమే.

జాబితాలో పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ2 లైబ్రరీ పాత వెర్షన్‌కు కట్టేసి ఉంది. ఆ వెర్షన్‌కు, 3.13 కోసం ముందే కట్టి ఉంచిన కాపీ లేదు. కాబట్టి మూలం నుంచి కట్టబోయి విఫలమైంది. 2.9.10 నుంచి 3.13కు మద్దతు ఉంది, నంబరు మార్చితే పడింది. ఇంకొకచోట సెట్టింగుల ఫైలులో అవును-కాదులను చదవడానికి, ఒకప్పుడు పైథాన్‌తో పాటే వచ్చే డిస్ట్‌యుటిల్స్‌లోని చిన్న ఫంక్షన్ వాడి ఉంది. డిస్ట్‌యుటిల్స్‌ను పైథాన్ 3.12లోనే తీసేశారు. అదే పని చేసే నాలుగు లైన్లు మనమే రాసుకుంటే సరి. లేబుళ్లు అచ్చువేసే స్క్రిప్టులో సీజీఐ మాడ్యూల్ ఉంది, అది 3.13లో పోయింది. దాని బదులు వేరేది పెట్టాను. ఈ మూడూ ఎర్రర్ సందేశం చదివితే సూటిగా తెలిసేవే.

ప్రింటర్ డ్రైవర్ కోసం వాడే ‘యే’ అనే సహాయక ప్రోగ్రాము కూడా పాత ప్యాక్‌మ్యాన్ లైబ్రరీ వెతుక్కుంటూ ఆగిపోయింది. అది సిస్టమ్ ప్యాకేజీ కాదు కాబట్టి సిస్టమ్‌తో పాటు మారదు. మూలం దించి మళ్లీ కట్టుకుంటే లేచింది.

కేటలాగు తెరుచుకున్నాక పరీక్షించింది మాస్టారే. పేరు చెప్పడం, కుర్రాడు కొట్టడం, నేను చూడడం. షేక్‌స్పియర్ రెండు రకాల స్పెల్లింగులూ పక్కపక్కనే వచ్చాయి. దాత పేరుతో వెతికితే ఆ ఇంటి నుంచి వచ్చిన పుస్తకాలన్నీ వచ్చాయి. అయినా తృప్తి లేక, బీరువాలోంచి చేతికందిన పుస్తకాలు తీసి, వాటి నంబర్లు కొట్టించారు. అన్నీ కలిసే దాకా కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత ఏం చేయాలన్నది మాట్లాడుకున్నాం. ఆర్చ్‌లోనే ఉండి పోస్ట్‌గ్రెస్‌ను అప్‌డేట్‌ల నుంచి మినహాయించే ఏర్పాటు ఉంది. ప్యాక్‌మ్యాన్ కాన్ఫిగ్‌లో ఒక లైను. పెద్ద వెర్షన్ మారేటప్పుడు మన వీలు చూసుకుని మార్చుకోవచ్చు. కానీ చుట్టూ ఉన్న లైబ్రరీలు ముందుకు పోతూ ఇదొక్కటే ఆగితే ఏదో రోజు లేవకపోవచ్చు. నా సొంత ల్యాప్‌టాప్ మీద నాకు ఆర్చ్ అంటే ఇష్టం, దాన్ని వదలను. నెట్ ఉంటుందో ఉండదో తెలియని, నిపుణుడు దగ్గర లేని గ్రంథాలయానికి మాత్రం డెబియన్ నయమని నా అభిప్రాయం. సరిగ్గా ఆ ఆగస్టులోనే డెబియన్ 13 విడుదలైంది. అందులో ఉన్న పోస్ట్‌గ్రెస్ కూడా 17. దీర్ఘకాలిక మద్దతుతో కలిపి సుమారు అయిదేళ్లు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. పైగా డెబియన్‌లో పాత, కొత్త పోస్ట్‌గ్రెస్ వెర్షన్లు రెండూ ఒకే మెషీన్ మీద పక్కపక్కన ఉండగలవు, పాతది తనంతట తాను మాయం కాదు. మాకు తగిలిన దెబ్బ అక్కడ తగలదు.

దసరా సెలవుల్లో ఆ మార్పు చేశాం. ఈసారి కీబోర్డు దగ్గర కూర్చుంది కుర్రాడు. ముందు తెలుగు లొకేల్ తయారుచేయించి, తర్వాతే డేటాబేసు కట్టి, డంప్ పోసి, డిఫ్ పెట్టి చూసుకున్నాడు. ఇప్పుడు రోజూ రాత్రి డంప్ ఒకటి బయటి డిస్కు మీదికి పడుతుంది. నెలకోసారి అతను అందులో తాజాదాన్ని ఒక ఖాళీ డేటాబేసులో పోసి, పుస్తకాల లెక్క సరిపోయిందో లేదో చూసి నాకు ఫోన్ చేస్తాడు. 15 నాటి ఆ పాత ఫోల్డర్ కాపీ మాత్రం హార్డ్‌డిస్కులో అలాగే ఉంది. దాన్ని తీసెయ్యడానికి మాస్టారు ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు.